థియేటర్ తలుపుకి ఇవతల

చెప్పులు ఇక్కడే విప్పేయండి. ఆ మూల రాక్‌లో నీలం రబ్బరు చెప్పులున్నాయి, సరిపోయిన జత వేసుకోండి. జుట్టంతా లోపలికి పోయేలా ఈ టోపీ పెట్టుకుని నాతో రండి. ఉదయం ఏడున్నర. గోదావరి జిల్లాల్లో ఒక ప్రభుత్వాసుపత్రి, రెండో అంతస్తు. నేనిక్కడ మత్తు డాక్టర్ని. ఎదురుగా నేలమీద కనిపిస్తున్న ఎర్రగీత దాటితే ఆపరేషన్ థియేటర్లు. గీతకి ఇవతలున్న ఈ పొడుగాటి గదిని ప్రీ-ఆప్ అంటాం. పిలుపు వచ్చేదాకా రోగులు ఇక్కడే ఉంటారు. ఒక్కోసారి పది నిమిషాలు, ఒక్కోసారి రెండు గంటలు. లోపల జరిగేది సినిమాల్లో చాలాసార్లు చూసుంటారు. ఇక్కడ జరిగేది ఎవరూ చూపించరు.

ఆ చివరి స్ట్రెచర్ ఖాళీగా ఉంది. ఒక్క నిమిషం దానిమీద వెల్లకిలా పడుకోండి.

ముందు వీపుకి రెగ్జిన్ చల్లదనం తగులుతుంది. పైన ట్యూబులైటు సూటిగా కళ్ళలోకి. కళ్ళజోడు వార్డులోనే తీయించారు. కట్టుడు పళ్ళు తీయించారు. చెవి మిషన్ ఉంటే అదీ తీయించారు. కనిపించేవన్నీ మసకమసకగా, వినిపించేవన్నీ సగంసగంగా ఉంటాయి. మీ మీదికి వంగే మొహాలు తలకిందులుగా వస్తాయి, అందులోనూ సగానికి మాస్కు. గోడకి అవతల పరికరాలు శుద్ధి చేసే ఆటోక్లేవ్ బుస్సుమని ఆవిరి వదులుతోంది. స్టీలు ట్రేలో కత్తెరలు పడ్డ చప్పుడు. స్పిరిటు, బెటాడిన్ కలిసిన వాసన. రాత్రి పన్నెండు నుంచి మంచినీళ్ళు కూడా తాగనివ్వలేదు, నాలుక పిడచకట్టుకుపోయింది. ఇంతలో మీ తలమీదుగా ఒకరు ఇంకొకర్ని అడుగుతారు: "ఫస్టు హెర్నియానా, గర్భసంచా?" ఆ హెర్నియా మీరే.

ఇక లేవండి. ఈ నిమిషాన్ని మర్చిపోకండి.

మొదటి స్ట్రెచర్ దగ్గరికి వెళ్దాం. కడియం నర్సరీల్లో మొక్కలకి నీళ్ళు పెట్టే పనికి వెళ్ళే ఆవిడ. గర్భసంచిలో గడ్డలు, ఏడాదిగా రక్తం పోతోంది, ఇక తీసెయ్యక తప్పదన్నారు. వేలికి క్లిప్పు పెట్టాం. మానిటర్ మీద అంకె చూడండి, గుండె నిమిషానికి 118. బీపీ 164/100. నిన్న సాయంత్రం వార్డులో ఇదే మనిషికి 130/80. రాత్రికి రాత్రి కొత్త జబ్బేమీ రాలేదు. భయపడుతోంది, అంతే. మూత్రపిండాల మీద ఉండే రెండు చిన్న గ్రంథులు అడ్రినలిన్ వదులుతున్నాయి. అది పారిపొమ్మనో తిరగబడమనో ఒంటికి చెబుతోంది. స్ట్రెచర్ మీద పడుకున్న మనిషి ఆ రెండూ చెయ్యలేదు.

చెయ్యి పట్టుకు చూడండి. చల్లగా, తడిగా ఉంది. చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుపోయాయి, అందుకే సిస్టర్‌కి నరం దొరకడం లేదు. ఒకసారి గుచ్చింది, రాలేదు. దాంతో ఆవిడ భయం ఇంకాస్త పెరిగింది, నరం ఇంకాస్త లోపలికి పోయింది. భయమంటే మనసులో మాత్రమే ఉండేదనుకునేవాళ్ళు ఈ మణికట్టు ఒక్కసారి పట్టుకోవాలి. బాగా భయపడ్డవాళ్ళని నిద్రపుచ్చడానికి మందు ఎక్కువ పట్టవచ్చు. లేచాక నొప్పి కూడా ఎక్కువగా తెలుస్తుంది.

మా వృత్తికి ఈ సంగతి కొత్తది కాదు. పైగా దానికి హైదరాబాదుతో సంబంధం ఉంది. అప్పట్లో మత్తుకి వాడిన క్లోరోఫాం ఇచ్చిన రోగుల్లో కొందరు బల్లమీదే హఠాత్తుగా ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి 1888, 1889లలో నిజాం ప్రభుత్వ అండతో అక్కడ రెండు క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. ఎడ్వర్డ్ లారీ అనే బ్రిటిష్ సర్జన్ వాటిని నడిపించాడు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ కాలపు మనిషే, ఆ ఊళ్ళో చదివిన మనిషే. ముందు ఆగేది శ్వాస, గుండె తర్వాత ఆగుతుంది, కాబట్టి శ్వాసని చూసుకోండి అని కమిషన్ తీర్పు చెప్పింది. 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు జంతువుల మీద ప్రయోగాలు చేసి ఆ తీర్పులో లోటు చూపించాడు. క్లోరోఫాం తేలిగ్గా ఎక్కిన స్థితిలో అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోతోంది. అంటే సగం మత్తులో బెదిరి పెనుగులాడే రోగికి ఆ రోజుల్లో భయం ప్రాణాల మీదికి తెచ్చేది. ఇప్పటి మందులు అంత దుర్మార్గమైనవి కావు. కానీ మనిషిని బెదరనివ్వకుండా నిద్రపుచ్చాలన్న పాఠాన్ని ఎంతమంది ప్రాణాలిచ్చి మాకు నేర్పారో తలుచుకుంటే, ఈ గదిలో ఎవర్నీ ఒంటరిగా వదిలెయ్యబుద్ధి కాదు.

"సూత్రాలు తియ్యనండి డాక్టరమ్మా," అంటోంది ఆవిడ. గొంతు పైకి రావడం లేదు. గుప్పిట బిగించి మెడ దగ్గర పెట్టుకుంది.

చూశారా, అసలు భయం కత్తి గురించి కాదు. రక్తం కారకుండా కరెంటుతో కాల్చే డయాథర్మీ మిషన్ వాడతారు కాబట్టి ఒంటిమీద లోహం ఉండకూడదు, కాలుతుంది. ఆ మాట ఆవిడకి ఎవరూ చెప్పలేదు. "అన్నీ తీసెయ్యాలి" అని మాత్రం చెప్పారు. ఆపరేషన్‌కి వెళ్తూ మంగళసూత్రం తీస్తే భర్తకి కీడని ఆవిడ నమ్మకం, ఆ భర్త గేటు బయట మెట్లమీద కూర్చుని ఉన్నాడు. మా సిస్టర్ దగ్గర దీనికి మందుంది. సొరుగు తీసి పసుపుకొమ్ము కట్టిన దారం ఒకటి బయటికి తీస్తుంది. ముందు ఆ దారం మెడలో కడుతుంది. ఆ తర్వాతే సూత్రాలు తీస్తుంది. స్ట్రెచర్‌ని గేటు దాకా తోసుకెళ్ళి, ఆవిడ చూస్తుండగా ఆయన చేతిలో పెడుతుంది. "జాగ్రత్త," అంటుంది ఆవిడ. "నువ్వు జాగ్రత్త," అంటాడాయన. తిరిగొచ్చాక మానిటర్ చూడండి, 104.

ఆందోళన తగ్గించే పద్ధతుల గురించి రాసిన పుస్తకాల్లో పసుపుకొమ్ము ఉండదు. కానీ నా లెక్కలో ఇది చికిత్సే. ఎదుటి మనిషి దేనికి భయపడుతోందో తెలుసుకోకుండా సంగీతం పెట్టినా, సువాసన చూపినా, అది గదిని అలంకరించడమే అవుతుంది. 1996లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు ఆపరేషన్ ముందరి భయాన్ని కొలవడానికి ఆరంటే ఆరు ప్రశ్నలు తయారుచేశారు. నాలుగు భయం గురించి. మిగిలిన రెండు, జరగబోయేది ఎంతవరకు తెలుసుకోవాలనుందో అడిగేవి. నాకు ఆ రెండే ప్రాణం. కొందరికి అన్నీ చెబితే ధైర్యం వస్తుంది, కొందరికి ఉన్న ధైర్యం పోతుంది. అందుకని ముందు అడుగుతాను.

"మత్తు ఎలా ఇస్తామో అంతా చెప్పమంటారా అమ్మా, క్లుప్తంగా చెప్పమంటారా?"

"అంతా చెప్పండి. నడుంకి సూది పొడిస్తే జన్మంతా నడుంనొప్పేనంట కదండీ. మా తోటికోడలు అంది."

ఇక్కడ "ఏం కాదులే" అనేస్తే పని అయిపోతుంది. మన ఆసుపత్రుల్లో అందరం అనే మాటే అది. దాంతో అడిగిన మనిషి నోరు మూతపడుతుంది, భయం మాత్రం ఎక్కడికీ పోదు. "సూది పడ్డచోట కొన్ని రోజులు నొప్పి ఉండొచ్చు. జన్మంతా ఉండే నడుంనొప్పి దానివల్ల వస్తుందని రుజువు లేదు. మీ తోటికోడలు నొప్పి అబద్ధం కాదు, దానికి కారణాలు వేరే ఉండుంటాయి," అన్నాను. ఆవిడ కాసేపు పైకప్పు చూసింది. "నడుం దాకా తిమ్మిరెక్కుద్ది, నేను మేలుకునే ఉంటాను, అంతేనా అండీ?" అంతే. తనే తిరిగి చెప్పిందంటే మనసులోకి వెళ్ళినట్టు.

పిల్లల కేసులు ముందు. రెండో స్ట్రెచర్ మీద టాన్సిల్స్ తీయించుకోవడానికి వచ్చిన ఏడేళ్ళ కుర్రాడు. పడుకుని లేడు చూడండి, తల్లి ఒళ్ళో కూర్చుని ఫోన్‌లో కార్లు నడుపుతున్నాడు. ఆపరేషన్ ముందు బాగా బెదిరిన పిల్లలకి తర్వాత నొప్పి ఎక్కువ, నిద్రలో ఉలిక్కిపడటం ఎక్కువ అని అమెరికాలో జీవ్ కెయిన్ బృందం ఏళ్ళ తరబడి చేసిన పరిశోధనల్లో తేలింది. తల్లిని లోపలికి రానిస్తే చాలు, అంతా సర్దుకుంటుందని మనందరికీ అనిపిస్తుంది. పరీక్షించి చూస్తే అది అంత కచ్చితం కాదు. ఒకే విషయం మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి తూచే కాక్రేన్ సమీక్ష ఒకటి 2015లో వచ్చింది. అది, తల్లో తండ్రో పక్కనుండటం వల్ల మాత్రమే పిల్లల భయం తగ్గుతుందని చెప్పలేమంది. చేతిలో ఆడుకునే ఆటలు, నవ్వించే విదూషక వైద్యులు మేలనిపిస్తున్నారంది. నాకు ఇది ఆశ్చర్యం కలిగించలేదు. తల్లే వణికిపోతుంటే పిల్లాడు ఎవర్ని చూసి ధైర్యం తెచ్చుకుంటాడు? అందుకే నిన్న సాయంత్రం వార్డులో నేను ఎక్కువసేపు కూర్చుంది తల్లితో. పిల్లాడికి మాస్కు ఒకటి ఆడుకోమని ఇచ్చి వదిలేశాను. రాత్రంతా అది చెల్లెలికీ, వాళ్ళ తాతకీ పెట్టి చూశాడట.

"ఇందులో బుడగ ఊదాలి. గట్టిగా ఊదితే పెద్దదవుద్ది. వాసన కొంచెం వింతగా ఉంటది," అని వాడే వాళ్ళమ్మకి చెబుతున్నాడు.

తలుపు తెరుచుకుంది. వాడు ఫోన్ వదలకుండానే లోపలికి వెళ్ళాడు. తల్లి పక్కనే నడిచింది. మాస్కు వాడి చేత్తోనే వాడి మొహానికి పెట్టించాను. నాలుగైదు ఊపిరులకి వేళ్ళు సడలి ఫోన్ దుప్పటి మీదికి జారింది. తల్లి బయటికి వెళ్ళేటప్పుడు ఏడ్చింది. అప్పుడు ఏడ్చినా ఫర్వాలేదు.

మళ్ళీ ప్రీ-ఆప్‌లోకి రండి. మూడో స్ట్రెచర్ మీద తాతకి హెర్నియా. లంక గ్రామంలో కొబ్బరితోట ఉంది. పెదాలు కదులుతున్నాయి, చెవి దగ్గర పెడితే రామనామం. వేగంగా, గుక్కతిప్పుకోకుండా. "తాతా, ఆపొద్దు. కాకపోతే ఊపిరి వదిలేటప్పుడే అను. లోపలికి పీల్చేటప్పుడు మౌనం. వదలడం నెమ్మదిగా," అన్నాను. ఇది భక్తిని మెచ్చుకుని చెప్పిన మాట కాదు. 2001లో ఇటలీలో లూచానో బెర్నార్డి బృందం 23 మందితో ఒక పరీక్ష చేసింది. క్రైస్తవుల జపమాల ప్రార్థనని, బౌద్ధుల మంత్రాన్ని విడివిడిగా జపించమంది. రెండింటితోనూ ఊపిరి నిమిషానికి దాదాపు ఆరుకి దిగింది. ఆ వేగంలో రక్తపోటుని సర్దే నాడీ వ్యవస్థ చురుగ్గా పనిచేసింది. మామూలుగా మనం నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు పీలుస్తాం. ఊపిరి వదిలే ప్రతిసారీ వేగస్ నాడి గుండెని కొంచెం నెమ్మదింపజేస్తుంది. వదలడం ఎంత పొడుగైతే గుండెకి అంత విశ్రాంతి. జపమాలతో వచ్చిన అమ్మకైనా, కలిమా చదువుకునే పెద్దాయనకైనా, దేవుణ్ణి నమ్మని మాస్టారికైనా శరీరం ఒకే రకంగా స్పందిస్తుంది. మాస్టారికైతే అంకెలు లెక్కపెట్టుకోమంటాను. నాలుగు దాకా పీల్చి, ఆరు దాకా వదలమని.

మీరూ చేసి చూడండి, ఇక్కడే నిలబడి. భుజాలు వదిలేయండి. పీల్చండి. ఇప్పుడు నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా వదలండి. ఇంకో నాలుగుసార్లు. తాత పక్క మానిటర్ శబ్దం విన్నారా, బీప్‌కీ బీప్‌కీ మధ్య ఎడం పెరుగుతోంది.

"నీళ్ళు ఒక్క చుక్క ఇప్పించమ్మా," అన్నాడు తాత కళ్ళు తెరిచి. ఈయన వంతు రావడానికి ఇంకా మూడు గంటలుంది. సిస్టర్ చిన్న గ్లాసుతో మంచినీళ్ళిచ్చింది. ఎవరైనా చూస్తే కంగారుపడతారు. ఘనాహారం ఆరు గంటల ముందు ఆపాలి, అది నిజం. ఉత్త మంచినీళ్ళు మాత్రం రెండు గంటల ముందు వరకు తాగొచ్చని మత్తు వైద్య సంఘాల మార్గదర్శకాలు ఏనాడో చెప్పాయి. అత్యవసర కేసులకీ, కడుపు త్వరగా ఖాళీ కాని జబ్బులున్నవాళ్ళకీ ఇది వర్తించదు, ఎవరికి వర్తిస్తుందో మేం చెప్పాలి. మన దగ్గర ఇప్పటికీ "రాత్రి పన్నెండు తర్వాత ఏమీ వద్దు" అని ఒకే మాట అందరికీ చెప్పేస్తున్నారు. మధ్యాహ్నం ఒంటిగంట కేసుకి కూడా అదే మాట. దాహంతో నోరెండిన మనిషికి ప్రశాంతంగా ఉండమని చెప్పడం అన్యాయం. దుప్పటీ అంతే. ఈ గది చలికి ఒళ్ళు వణికితే, ఆ వణుకునే మనసు భయంగా చదువుకుంటుంది. వెచ్చటి దుప్పటి కప్పడాన్ని ఏ చికిత్సా పద్ధతిగానూ లెక్కపెట్టరు. నేను లెక్కపెడతాను.

నాలుగో స్ట్రెచర్ మీద బైక్ జారి ముంజేతి ఎముక విరిగిన కుర్రాడు. ప్లేటు వేస్తారు. చెయ్యి మాత్రమే మొద్దుబారేలా భుజం దగ్గర మందిస్తాం, మనిషి మెలకువగానే ఉంటాడు. "పాటలు వింటావా తమ్ముడూ?" అంటే తల ఊపాడు. మనం వీణ పెడదామనుకుంటాం. వాడికి కావలసింది డప్పులు మోగే కొత్త సినిమా పాట. పెట్టాం. వినేవాడి ఇష్టం మీదే ఫలితం చాలావరకు ఆధారపడుతుందని నా అనుభవం. థియేటర్లో పాట పెట్టే ఆలోచన పాతదే. 1914లో అమెరికాలో ఇవాన్ కేన్ అనే సర్జన్, రోగుల బెదురు పోగొట్టడానికి ఆపరేషన్ గదిలో ఫోనోగ్రాఫ్ పెడుతున్నానని వైద్య పత్రికకి రాశాడు. దాదాపు వందేళ్ళ తర్వాత, 2013లో, కాక్రేన్ సమీక్ష 26 ప్రయోగాల్లో 2,051 మంది రోగుల లెక్కలు కలిపి చూసి, ఆపరేషన్ ముందు సంగీతం ఆందోళనని తగ్గిస్తుందంది. 20 నుంచి 80 దాకా కొలిచే మాపకం మీద సగటున దాదాపు ఆరు పాయింట్లు. అద్భుతమేమీ కాదు, కానీ దుష్ఫలితం లేని ఆరు పాయింట్లు.

వాడి ఎడమచెవికి మాత్రమే ఇయర్‌ఫోన్ పెట్టించాను, గమనించారా? 2019లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వీణా గ్రాఫ్ బృందం ఇలాంటి మొద్దుమందు ఇచ్చే ముందు 157 మందిలో కొందరికి ఆందోళన తగ్గించే మిడజోలం ఇంజక్షన్, మిగిలినవాళ్ళకి మూడు నిమిషాల సంగీతం ఇచ్చి పోల్చింది. ఆందోళన తగ్గడంలో రెండింటికీ పెద్ద తేడా కనిపించలేదు. కానీ సంగీతం విన్నవాళ్ళు అంత తృప్తిగా లేరు, డాక్టరుతో మాట్లాడటం కష్టమైందన్నారు. బయటి శబ్దాన్ని పూర్తిగా ఆపేసే హెడ్‌ఫోన్లు పెట్టారు మరి. ఈ గదిలో భయపడే మనిషికి పాట ఎంత అవసరమో, పక్కవాళ్ళ మాట వినబడటమూ అంతే అవసరం. అందుకే ఒక్క చెవి.

సినిమా పాట అంటే గుర్తొచ్చింది. మెలకువగా ఉంచి మెదడుకి చేసే ఆపరేషన్లు మన పేపర్లలో బాగానే వచ్చాయి. 2017లో గుంటూరులో ఒకరికి బాహుబలి చూపిస్తూ చేశారు. 2022లో గాంధీ ఆసుపత్రిలో ఒక పెద్దావిడకి చిరంజీవి 'అడవి దొంగ' చూపిస్తూ, 2024లో కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో ఇంకొకరికి 'అదుర్స్' చూపిస్తూ చేశారు. అక్కడ సినిమాకి రెండు పనులు. మాట, చేతులు, కాళ్ళు పనిచేస్తున్నాయో లేదో డాక్టర్లు మాట్లాడిస్తూ చూసుకోవాలి. పుర్రె తెరిచి ఉందన్న ధ్యాస రోగిని ముంచెయ్యకూడదు. వార్తల్లో హీరో పేరు మిగిలింది. ఆ సేపంతా పక్కన ఉండి కబుర్లాడించిన సిబ్బంది సంగతి ఎవరూ రాయలేదు. ధైర్యమిచ్చింది తెర ఒక్కటే కాదని ఈ పనిలో ఉన్న ఎవర్నడిగినా చెబుతారు.

మిగిలిన పద్ధతులు త్వరగా చూపించేస్తాను. ఆయమ్మ ఆ మంచం పక్కన నిలబడి ఒకావిడ కనుబొమ్మల మధ్య, బొట్టు పెట్టుకునే చోట, బొటనవేలితో మెల్లగా ఒత్తుతోంది. చైనా వైద్యంలో ఆ చోటుకి పేరుంది, యిన్‌టాంగ్. లక్నోలోని సంజయ్ గాంధీ పీజీఐ వైద్యులు 2005లో దీన్ని పరీక్షించారు. ఒత్తుతున్నంతసేపు ఆందోళన తగ్గింది, వదిలిన అరగంటకి ఆ ఫలితం పోయింది. కాబట్టి థియేటర్‌లోకి వెళ్ళబోయే ముందు చేస్తేనే అర్థం. లావెండర్ నూనె అద్దిన దూది వాసన చూపించే పద్ధతి విదేశాల్లో బాగా ప్రచారంలో ఉంది, కొంత మేలు కనిపించిన ప్రయోగాలూ ఉన్నాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళకి వద్దు. నేనైతే దానికి డబ్బు అడగను, ఆ డబ్బుతో ఇక్కడ ఇంకో మనిషిని వెయ్యమంటాను.

పిలుపొచ్చింది. గర్భసంచి కేసు. కాదు, కడియం ఆవిడ.

స్ట్రెచర్ కదిలే ముందు ఐదు నిమిషాలు తీసుకుంటాను. "కుడి గుప్పిట గట్టిగా బిగించండి. ఇంకా. ఇప్పుడు ఒక్కసారి వదిలేయండి. వదిలాక చెయ్యి ఎలా ఉందో చూసుకోండి." ఎడమ చెయ్యి. భుజాలు. పొట్ట. కాలివేళ్ళు. ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికన్ వైద్యుడు ఈ పద్ధతి మీద 1929లో పుస్తకమే రాశాడు. బిగింపు ఎలా ఉంటుందో గుర్తిస్తేనే సడలింపు చేతనవుతుందని ఆయన వాదన. తర్వాత కళ్ళు మూసుకోమన్నాను.

"నర్సరీకి వెళ్ళారు. తెల్లారింది. ముందు ఏ మొక్కల దగ్గర మొదలుపెడతారు?"

"బంతి నారు కాడండి."

"పైపు ఏ చేతిలో ఉంది?"

"కుడిచేతిలోనండి."

"నీళ్ళు పడగానే ఏం వాసనొస్తుంది?"

"తడిసిన కొబ్బరిపొట్టు వాసనండి. కుండీల్లో అదే కదండీ వేసేది."

"ఒక్కో వరసా తడుపుకుంటూ వెళ్ళండి. తొందరేం లేదు."

ఊహలో మనిషిని వేరే చోటికి తీసుకెళ్ళే ఈ పద్ధతికి క్యాసెట్లు, యాప్‌లు చాలా వచ్చాయి. వాటిలో సముద్రతీరం ఉంటుంది, మంచుకొండలు ఉంటాయి. ఈవిడ సముద్రం ఎన్నిసార్లు చూసుంటుంది? తన చేతులకి తెలిసిన చోటైతే అక్కడ ఏం చెయ్యాలో ఒకరు చెప్పక్కర్లేదు.

ఎర్రగీత దాటాం. పెద్ద లైట్లు. బల్లమీద కూర్చోబెట్టాం, వీపు వంచి, గడ్డం ఛాతీకి ఆనించి. సిస్టర్ ఎదురుగా నిలబడి రెండు భుజాలు పట్టుకుంది, ఆవిడ నుదురు సిస్టర్ భుజం మీద. "వీపు మీద చల్లగా తగులుతుంది, శుభ్రం చేస్తున్నాను," అన్నాను. "చీమ కుట్టినట్టుంటుంది" అని మేమంతా చదువుకునే రోజుల్లోనే నేర్చుకున్న మాట ఒకటుంది. అది నేను అనను. 2010లో అచ్చైన ఒక ప్రయోగంలో నిండు గర్భిణులు 140 మందికి నడుం దగ్గర చర్మం మొద్దుబారే ఇంజక్షన్ ఇస్తూ, సగం మందితో పెద్ద తేనెటీగ కుట్టినట్టుంటుందన్నారు, సగం మందితో ఆ చోటు మొద్దుబారి సుఖంగా ఉంటుందన్నారు. సూది అదే, మందు అదే. నొప్పి మొదటివాళ్ళకి పదికి ఐదు, రెండోవాళ్ళకి మూడు. అబద్ధం చెప్పమని కాదు దీనర్థం. రెండూ నిజాలే. ఏ నిజాన్ని ముందు పెట్టాలో మన చేతుల్లో ఉంది.

"చర్మం మొద్దుబారే మందు ఇస్తున్నాను. దీంతో తర్వాత చేసేది మీకు సుఖంగా ఉంటుంది. బంతి నారు అయిపోయిందా?"

"అయిందండి. గులాబీల కాడికొచ్చాను."

సన్నటి సూది. నీళ్ళలాంటి ద్రవం ఒక్క చుక్క మెరిసింది, సరైన చోట ఉన్నాం. మందు వెళ్ళింది. పడుకోబెట్టాం. "కాళ్ళు వెచ్చబడి బరువెక్కుతున్నాయండి. మీరన్నట్టే," అంది. మానిటర్ మీద 82. నిద్ర ఇంజక్షన్ ట్రేలో అలాగే ఉంది, వాడాల్సిన అవసరం రాలేదు.

వాడాల్సివచ్చిన రోజులూ ఉంటాయి, అది దాచకూడదు. గతంలో థియేటర్లో చావుబతుకులు చూసినవాళ్ళు, భయంతో మాట కూడా వినలేని స్థితిలో ఉన్నవాళ్ళు, ప్రమాదంలో నెత్తురోడుతూ వచ్చినవాళ్ళు ఉంటారు. వాళ్ళకి ఊపిరి పాఠాలు చెబుతూ కూర్చోవడం క్రూరత్వం, మందే ఇవ్వాలి. ఈ పద్ధతులు మత్తుకి తోడు, మత్తుకి బదులు కావు. శ్వాసతో, సువాసనతో ఆపరేషనే అక్కర్లేకుండా చేస్తామనేవాళ్ళని గుమ్మం తొక్కనివ్వకండి.

"ఒక్కొక్కరికి ఇంత సేపా? లిస్టులో పన్నెండు కేసులున్నాయి," అని ప్రతి ఆసుపత్రిలోనూ అంటారు. దానికి జవాబు ఎల్విరా లాంగ్ అనే రేడియాలజిస్టు లెక్కల్లో ఉంది. అమెరికాలో ఆమె బృందం 241 మంది రోగుల మీద చేసిన ప్రయోగం 2000లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. రక్తనాళాల్లోకి, కిడ్నీల్లోకి గొట్టాలు పంపే చికిత్సలప్పుడు పక్కన ఒకరు కూర్చుని స్వీయ సమ్మోహన పద్ధతిలో సేదదీర్చినవాళ్ళకి చికిత్స సగటున 61 నిమిషాల్లో అయింది. మామూలుగా చేసినవాళ్ళకి 78 నిమిషాలు పట్టింది. మందులూ తక్కువ పట్టాయి, బీపీ పడిపోవడం లాంటి చిక్కులూ తక్కువ వచ్చాయి. కూర్చున్న మనిషి వల్ల టైం పోలేదు, మిగిలింది.

అయితే ఆ మనిషి ఎక్కడ? ఈ గదిలో పసుపుకొమ్ము ఉంచాలన్నది మా సిస్టర్ ఆలోచన. నుదురు ఒత్తడం ఆయమ్మ సొంతంగా నేర్చుకుంది. సిస్టర్‌కి రేపు బదిలీ అయితే ఆ సొరుగు ఖాళీ. ఒకరి మంచితనం మీద నడిచే పని ఎక్కువకాలం నడవదు. మానిటర్‌కి, ఆటోక్లేవ్‌కి ఎలాగైతే లెక్కల్లో పద్దు ఉందో, ప్రీ-ఆప్ గదిలో రోగి పక్కన కూర్చునే మనిషికీ అలాగే ఒక పోస్టు ఉండాలి. శిక్షణ ఇచ్చిన నర్సు అయితే మరీ మంచిది. దీనికి కొత్త భవనాలు, కొత్త మిషన్లు అక్కర్లేదు.

అది వచ్చేదాకా మీరు చేయగలిగింది ఉంది. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తేదీ ఖాయమైతే, ముందురోజే మత్తు డాక్టర్ని కలవాలని అడగండి. నీళ్ళు ఎప్పటిదాకా తాగొచ్చో అడిగి కాగితం మీద రాయించుకోండి. కళ్ళజోడు, చెవి మిషన్ ఆఖరి నిమిషం వరకు ఉంచమనండి. వాళ్ళకిష్టమైన పాటలు ఫోన్‌లో ఎక్కించి ఇవ్వండి. వాళ్ళ భయమేమిటో మీకు తెలుసుంటే, అది ఎంత చిన్నదైనా, సిగ్గుపడకుండా సిస్టర్ చెవిన వేయండి. అడిగితే విసుక్కుంటారేమోనని ఆగకండి. అది మీ హక్కు, మా పని.